అడుగు తీసినా ఆరని పలక: 16 పలకల సెన్సర్ నేల కడుతున్నాం, సాయం కావాలి

నేలతార · శనివారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మేం ముగ్గురం కలిసి మూడు నెలలుగా ఒక వెలుగు నేల కడుతున్నాం. అడుగు వేసిన చోట నేల వెలగాలి, అడుగు తీస్తే మెల్లగా ఆరిపోవాలి. పిల్లల కోసం పెడుతున్న ప్రదర్శన అది. ఇంకో 5 వారాల్లో తెరవాలి.

కట్టింది ఇలా. 40 సెం.మీ. పలకలు 16, నాలుగు వరసలుగా. అడుగున 18 మి.మీ. ప్లైవుడ్, దాని మీద గళ్ల చట్రం. ప్రతి గడిలో డబ్ల్యూఎస్2812బి (ఒక్కో ఎల్‌ఈడీ రంగుని విడిగా మార్చగలిగే) స్ట్రిప్ 6 వరసలు, అంటే పలకకు 72 ఎల్‌ఈడీలు. పైన 10 మి.మీ. పాలరంగు పాలికార్బొనేట్. చట్రం అంచుకీ పై పలకకీ మధ్య నాలుగు వైపులా వెలోస్టాట్ (నొక్కితే కరెంటుని ఎక్కువ పోనిచ్చే షీటు) పట్టీ, దానికి పైనా కిందా రాగి టేప్. పలకని నాలుగు మూలల్లో స్క్రూలతో బిగించాం. రాగి టేపుల్ని 4 అడ్డ వరసలు, 4 నిలువు వరసలుగా కలిపి, అన్నిటినీ నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు ఈఎస్‌పీ32కి ఇచ్చాం.

ఇప్పుడు గొడవ ఏంటంటే, దిగిపోయాక కూడా పలక వెలుగుతూనే ఉంటోంది. ఖాళీగా ఉన్నప్పుడు రీడింగ్ 220. నేను ఎక్కితే 1900. దిగాక 640 దగ్గర ఆగి, పది నిమిషాలకు గానీ 300కి రావడం లేదు. ఇంకొకటి, ముగ్గురం మూడు పలకల మీద నిలబడితే ఎవరూ లేని నాలుగో పలక వెలుగుతోంది. అన్నీ తెల్లగా వెలిగిస్తే చివరి వరస ఎర్రబడి, ఒక్కోసారి ఇష్టమొచ్చిన రంగుల్లో మినుకుమంటోంది.

నాలుగు రాత్రులుగా కోడ్ మారుస్తూనే ఉన్నాను. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

---

మైక్రోఆంప్ · ఆదివారం, ఉదయం 6:45

నాలుగో పలక సంగతి నేను చెప్తాను, అది తేలిక. మీ సెన్సర్లన్నీ ఒకే వలలో ఉన్నాయి. ఆ వలలో దీర్ఘచతురస్రానికి మూడు మూలలు నొక్కితే కరెంటు ఆ మూడింటి గుండా చుట్టు తిరిగి నాలుగో మూలకి చేరుతుంది. చదివే చిప్‌కి అది నిజంగా నొక్కినట్టే కనిపిస్తుంది. ప్రతి సెన్సర్‌కీ ఒక డయోడ్ (కరెంటుని ఒక వైపుకే పోనిచ్చేది) పెడితే పోతుంది. కానీ మీకున్నవి 16 పలకలే కదండీ, అసలు వల ఎందుకు? పలకకో తీగ లాగి, 16 దారుల్లో ఒక్కోసారి ఒకదాన్నే చదివించే మల్టీప్లెక్సర్ 74హెచ్‌సీ4067 ఒకటి పెట్టండి. ఒక దారి నుంచి ఇంకో దారికి మారాక మొదటి రీడింగ్ పారేసి రెండోది తీసుకోండి, లేకపోతే పక్క పలక తాలూకు వోల్టేజ్ కాస్త అంటుకుని వస్తుంది.

ఒక జాగ్రత్త. ఈఎస్‌పీ32లో ఏడీసీ2 పిన్నులు (వోల్టేజ్ చదివే పిన్నుల్లో రెండో గుంపు) వైఫై నడుస్తుంటే పనిచేయవు. మల్టీప్లెక్సర్ తీగని ఏడీసీ1 పిన్నుకే ఇవ్వండి.

---

వెలుగుజల్లు · ఆదివారం, ఉదయం 9:30

చివరి వరస ఎర్రబడడం గురించి. ముందు లెక్క చూడండి. 72 × 16 = 1152 ఎల్‌ఈడీలు. పూర్తి తెలుపులో ఒక్కోటి సుమారు 60 మిల్లీఆంప్‌లు తాగుతుంది. మొత్తం 69 ఆంప్‌లు, 5 వోల్టుల దగ్గర దాదాపు 345 వాట్లు. ఇంత కరెంటుని స్ట్రిప్ మీదున్న సన్నటి రాగి రేకు మోయలేదు. దారిలోనే వోల్టేజ్ పడిపోతుంది. నీలం, ఆకుపచ్చ ఎల్‌ఈడీలకి ఎరుపు కంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి కాబట్టి ముందు అవి మసకబారతాయి, మిగిలేది ఎరుపు. మీరు చూస్తున్నది అదే.

నేనైతే ఇలా చేస్తాను. నేలని నాలుగు భాగాలు చేసి, భాగానికి ఒక 5 వోల్టుల, 20 ఆంప్‌ల సప్లై. ప్రతి పలకకీ సప్లై నుంచి విడిగా ఒక జత తీగలు, ఆ తీగ మీద ఫ్యూజ్. నాలుగు సప్లైల గ్రౌండ్‌లు కలపండి, ప్లస్‌లు మాత్రం ఎప్పుడూ కలపకండి. కోడ్‌లో వెలుగుని 40 శాతం దగ్గర ఆపేయండి. పాలరంగు పలక కింద, మసక గదిలో 40 శాతం అంటే బోలెడు వెలుగు. అయినా ఫ్యూజ్ తీసేయొద్దు. కోడ్ ఎప్పుడైనా ఇరుక్కుని అన్నీ తెల్లగా వెలిగిపోతే కాపాడేది ఆ ఫ్యూజే.

మినుకుమనడం వేరే కథ. ఈ చిప్ 5 వోల్టుల మీద నడుస్తున్నప్పుడు డేటా తీగ మీద కనీసం 3.5 వోల్టులు ఉండాలంటుంది. ఈఎస్‌పీ32 ఇచ్చేది 3.3. కొన్నిసార్లు పనిచేస్తుంది, వేడెక్కాక మొండికేస్తుంది. మధ్యలో 74ఏహెచ్‌సీటీ125 లాంటి లెవెల్ షిఫ్టర్ (3.3 వోల్టుల సిగ్నల్‌ని 5కి పెంచే చిప్), దాని తర్వాత 330 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. ప్రతి ఎల్‌ఈడీ తన తర్వాతి దానికి సిగ్నల్‌ని కొత్తగా తయారుచేసి పంపుతుంది కాబట్టి కంట్రోలర్ నుంచి మొదటి ఎల్‌ఈడీ దాకా ఉన్న తీగ పొట్టిగా ఉంటే చాలు.

ఇంకొక మాట, డేటా కూడా నాలుగు లైన్లు చేయండి. ఒక ఎల్‌ఈడీకి డేటా పంపడానికి 30 మైక్రోసెకన్లు. 1152 ఒకే లైన్‌లో ఉంటే ఒక ఫ్రేమ్‌కి 34 మిల్లీసెకన్లు పైనే. నాలుగు లైన్లు ఒకేసారి పంపితే 9 లోపే అయిపోతుంది. పాదం ఆ తేడా పసిగడుతుంది.

---

నాలుగోతీగ · ఆదివారం, మధ్యాహ్నం 1:15

వెలోస్టాట్ వదిలేయండి అక్కా. కార్బన్ కలిపిన ప్లాస్టిక్ షీటు అది. నొక్కి వదిలాక పాత స్థితికి రావడానికి చాలా టైమ్ తీసుకుంటుంది, వేడికీ మారుతుంది. పలకకి నాలుగు 50 కిలోల లోడ్ సెల్స్ (బరువు కొలిచే సెన్సర్లు), వాటిని చదివే ఒక చిప్ హెచ్‌ఎక్స్711 పెడితే కిలోల్లోనే రీడింగ్ వస్తుంది. దిగితే సున్నా. నేను రెండు పలకలు అలా చేశాను, ఏడాదిగా ఆడుతున్నాయి.

---

చెక్కపలక · ఆదివారం, రాత్రి 8:05

నేలతార గారూ, మీ ఫోటోలు రెండు మూడు సార్లు పెద్దవి చేసి చూశాను. నాకు సెన్సర్‌లో తప్పు కనపడలేదు. పలక బిగించిన తీరులో ఉంది.

మొదటిది, స్క్రూలు. పై పలకని స్క్రూలతో కిందికి లాగి పట్టారు, అంటే ఎవరూ ఎక్కకముందే వెలోస్టాట్ నలుగుతోంది. మీ 220 ఖాళీ నేల రీడింగ్ కాదు, స్క్రూల రీడింగ్. ఎవరైనా ఎక్కి దిగినప్పుడు స్క్రూ కింద పలక కాస్త జరిగి, కొత్త చోట ఇరుక్కుంటుంది. 640 దగ్గర ఆగడానికి సగం కారణం అదే అని నా నమ్మకం. మిగతా సగం నాలుగోతీగ చెప్పినట్టు వెలోస్టాట్ స్వభావం.

రెండోది, వంగుడు. 40 సెం.మీ. వెడల్పు మీద 10 మి.మీ. పాలికార్బొనేట్ మధ్యలో పెద్దవాళ్లు నిలబడితే కొన్ని మిల్లీమీటర్లు కిందికి వంగుతుంది. వంగినప్పుడు అంచులు పైకి లేస్తాయి. మీ సెన్సర్ ఉన్నది ఆ అంచుల కిందే! మధ్యలో నిలబడ్డప్పుడు ఒకలా, మూల మీద నిలబడ్డప్పుడు ఇంకోలా చదువుతుంది. ఒకే మనిషి పలక మీద అటూ ఇటూ జరిగితే రీడింగ్ ఎంత మారుతోందో ఒకసారి రాసి చూడండి.

వంగకుండా మధ్యలో ఒక పొట్టి స్తంభం పెట్టమంటారు చాలామంది. కానీ మీ కట్టడంలో స్తంభం పెడితే బరువంతా దాని మీదుగా ప్లైవుడ్‌లోకి దిగిపోతుంది, సెన్సర్‌కి ఏమీ మిగలదు.

అందుకని సెన్సర్‌ని పై పలక కింద నుంచి తీసేయండి. పై పలక, నాలుగు గోడలు, అడుగు చెక్క, అన్నీ కలిపి గట్టిగా ఒకే పెట్టెలా చేయండి. ఎల్‌ఈడీలు ఆ పెట్టె లోపల. మధ్య స్తంభం కూడా పెట్టె లోపలే, పారదర్శక అక్రిలిక్ కడ్డీ అయితే నీడ పడదు. ఇప్పుడు ఆ పెట్టె మొత్తాన్ని నాలుగు మూలల్లో నాలుగు సెన్సర్ల మీద కూర్చోబెట్టండి. స్క్రూలు వద్దు. పక్కకి జరగకుండా కింద ప్లైవుడ్‌లో నాలుగు గూటాలు చాలు, అవి పెట్టె అడుగున రంధ్రాల్లో వదులుగా కూర్చోవాలి. ఎవరు ఎక్కడ నిలబడినా బరువు ఆ నాలుగు మూలల గుండానే వెళ్లాలి, దానికి వేరే దారి లేదు.

పెట్టెకీ పెట్టెకీ మధ్య 3 మి.మీ. సందు వదలండి. ఒకటికొకటి రాసుకుంటే పక్క పలక కూడా ఊగుతుంది. సందులో మెత్తటి నల్ల ఫోమ్ పట్టీ పెట్టొచ్చు, చేత్తో నొక్కితే పూర్తిగా అణిగిపోయేంత మెత్తగా ఉండాలి. గట్టి రబ్బరు పెడితే మళ్లీ బరువు పక్కకి పాకుతుంది.

పాలికార్బొనేట్‌ని పెట్టెకి బిగించే స్క్రూ రంధ్రాలు మాత్రం స్క్రూ కంటే కాస్త పెద్దవిగా వేయండి, వేడికి ప్లాస్టిక్ చెక్క కంటే ఎక్కువ సాగుతుంది.

---

మైక్రోఆంప్ · ఆదివారం, రాత్రి 9:40

చెక్కపలక గారు చెప్పిన పద్ధతిలో ఇంకో లాభం ఉంది. నాలుగు మూలల వెలోస్టాట్ ముక్కల్ని ప్యారలల్‌గా కలిపేయండి. ప్యారలల్‌లో వాహకతలు (కరెంటుని పోనిచ్చే గుణం) కూడతాయి, వెలోస్టాట్ వాహకత ఒత్తిడితో పాటు పెరుగుతుంది. కాబట్టి మనిషి ఒక మూలకి జరిగితే అక్కడ పెరిగింది, ఎదురు మూలలో తగ్గింది కలిసి మొత్తం ఇంచుమించు అంతే ఉంటుంది. తీగ మాత్రం పలకకి ఒకటే.

---

నాలుగోతీగ · ఆదివారం, రాత్రి 10:10

పెట్టె ఆలోచన బాగుంది, ఒప్పుకుంటున్నాను. నా రెండు పలకలు పనిచేయడానికి కారణం లోడ్ సెల్ ఒక్కటే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నేనూ పెట్టె మొత్తాన్నే సెల్స్ మీద పెట్టాను.

లోడ్ సెల్స్ వైపు వెళ్లేవాళ్లకి ఒక మాట. హెచ్‌ఎక్స్711 బోర్డులు చాలావరకు సెకనుకి 10 రీడింగ్‌లకే కట్టి వస్తాయి, రీడింగ్ కుదురుకోవడానికి 400 మిల్లీసెకన్లు పడుతుంది. అడుగు పడ్డాక అంత ఆలస్యంగా వెలిగితే నేల చచ్చినట్టు ఉంటుంది. చిప్ రేట్ పిన్ని ప్లస్‌కి కడితే సెకనుకి 80, కుదురుకోవడానికి 50 మిల్లీసెకన్లే. రీడింగ్‌లో గోల కొంచెం పెరుగుతుంది, మనిషి బరువు ముందు అది లెక్కలోకి రాదు.

---

నేలతార · శుక్రవారం, రాత్రి 12:05

అందరికీ చాలా థ్యాంక్స్. పలక మీద అటూ ఇటూ జరిగి రాసి చూశాను. మధ్యలో 1900, ఒక మూలలో 2600, ఇంకో మూలలో 1150. అది చూశాక ఇక ఆలోచించలేదు, మొత్తం విప్పేశాం.

ఈ వారం 4 పెట్టెలు కట్టాం. గోడలు 12 మి.మీ. ప్లైవుడ్, లోపల తెల్ల రంగు, మధ్యలో అక్రిలిక్ కడ్డీ. కింద మూలల్లో 4 సెం.మీ. వెలోస్టాట్ ముక్కలు, వాటి మీద పలచటి రబ్బరు. స్క్రూలు లేవు. వల తీసేసి మల్టీప్లెక్సర్ పెట్టాం. ఇప్పుడు ఖాళీ పెట్టె 70, నేను ఎక్కితే పెట్టె మీద ఎక్కడ నిలబడినా 1700 నుంచి 1850. దిగిన క్షణంలో 180కి పడి, ఒక నిమిషంలో 90. ఎవరూ లేకుండా వెలిగే ఆ దెయ్యం పలక మళ్లీ కనపడలేదు.

మొదటిసారి దిగగానే వెలుగు నా మడమ వెనకాల ఆరిపోయింది. మేం ముగ్గురం ఎవరం మాట్లాడకుండా అలాగే నిలబడిపోయాం. తర్వాత అరగంట నడుస్తూనే ఉన్నాం.

కానీ కొత్త సమస్య. మిగిలిన ఆ కొంచెం జారుడుకి సున్నా దానంతట అది సర్దుకునేలా కోడ్ రాశాను, రీడింగ్ మెల్లగా మారితే దాన్నే కొత్త సున్నాగా తీసుకుంటుంది. మా జట్టులో ఒకావిడ నిద్రపోతున్న పాపని ఎత్తుకుని ఒకే పలక మీద కదలకుండా నిలబడింది. రెండు నిమిషాల్లో ఆవిడ కింద వెలుగు ఆరిపోయింది. నేల ఆవిడని మరిచిపోయింది.

---

మైక్రోఆంప్ · శుక్రవారం, ఉదయం 7:20

మనిషి పైన ఉన్నప్పుడు సున్నా కదలకూడదు. పలక ఖాళీ అని తేల్చుకున్నాకే సర్దుబాటు జరగాలి, పలక నొక్కి ఉందని తేలగానే ఆగిపోవాలి. హద్దులు కూడా రెండు ఉండాలి, ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి. మీ అంకెల్ని బట్టి సున్నా మీద 400 దాటితే ఎక్కినట్టు, 200 కిందికి వస్తే దిగినట్టు పెట్టి చూడండి. ఒకటే హద్దు అయితే దాని దగ్గర రీడింగ్ ఊగినప్పుడల్లా పలక వెలిగి ఆరుతూ ఉంటుంది. చిన్న పిల్లల బరువుకి 400 ఎక్కువేమో, 15 కిలోల సంచి పెట్టి చూశాకే ఖాయం చేయండి.

---

కొత్తగా_చేరాను · శుక్రవారం, ఉదయం 10:00

చదువుతుంటే నాకూ చేయాలనిపిస్తోంది. ఒక సందేహం అండీ. రీడింగ్ బరువుతో పాటు పెరుగుతోంది కదా, ఎక్కువ బరువున్న వాళ్లకి ఎక్కువ వెలుగు వచ్చేలా పెడితే బాగుంటుందేమో?

---

వెలుగుజల్లు · శుక్రవారం, ఉదయం 11:25

దయచేసి వద్దు. పదిమంది ముందు ఒక మనిషి బరువుని వెలుగుతో చూపించినట్టవుతుంది. ఒక్కరికి ఇబ్బందిగా అనిపించినా వాళ్లు ఆ నేల మీద మళ్లీ అడుగు పెట్టరు. ఎక్కారా లేదా అన్నదే తీసుకోండి. కావాలంటే అడుగు ఎంత వేగంగా పడింది అన్నదాంతో రంగు మార్చండి. మెల్లగా పెడితే ఒక రంగు, ఎగిరి దూకితే ఇంకొకటి. అది మనిషి చేతుల్లో, అదే, కాళ్లలో ఉన్న విషయం.

వెలుగు పెరిగేది 50 మిల్లీసెకన్లలోపు అయిపోవాలి, తగ్గేది సెకనున్నర తీసుకోవచ్చు. గామా సవరణ (వెలుగు కంటికి సమానంగా తగ్గినట్టు కనపడేలా అంకెల్ని మార్చే లెక్క) 2.2 పెట్టకపోతే ఆరేటప్పుడు చాలాసేపు వెలుగుతున్నట్టే ఉండి చివర్లో టక్కున పోతుంది. పిల్లల ప్రదర్శన అంటున్నారు కాబట్టి ఇది తప్పనిసరి: ఏ రంగయినా సెకనుకి 3 సార్ల కంటే ఎక్కువ మెరిసేలా పెట్టొద్దు. మెరుపులతో మూర్ఛ వచ్చేవాళ్లు ఉంటారు. పిల్లలు ఒకే పలక మీద గంతులేస్తే కూడా ఆ హద్దు దాటకుండా కోడ్‌లోనే ఆపండి.

---

పాతకాగితం · శనివారం, సాయంత్రం 5:50

ఆలస్యం గురించి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఒత్తిడి తెలిసే నేల, దానికి స్పందించే వెలుగు, ఇవి 1969లోనే జరిగాయి. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మైరాన్ క్రూగర్ ఇంకొందరితో కలిసి గ్లోఫ్లో అనే చీకటి గది కట్టాడు. గోడల వెంట పారదర్శక గొట్టాలు, వాటిలో నీళ్లతో పాటు మెరిసే ఫాస్ఫర్ కణాలు, నేలలో ఒత్తిడి పలకలు, వెనక ఒక కంప్యూటర్. గదిలో ప్రశాంతత చెడకూడదని అడుగుకీ స్పందనకీ మధ్య కావాలనే ఆలస్యం పెట్టారు. దాంతో వచ్చినవాళ్లలో చాలామందికి ఆ గది తమకి స్పందిస్తోందనే తెలియలేదు. 1971 నాటి సైకిక్ స్పేస్‌లో అతను నేలంతా సెన్సర్లు పరచి, అడుగుకి వెంటనే శబ్దం పలికేలా చేశాడు.

మీ నేల ఎలా ఉండాలో మీ ఇష్టం. కానీ పిల్లలు కారణం వెతుక్కుంటారు. మొదటి అడుగుకే జవాబు రావాలి.

---

చెక్కపలక · శనివారం, రాత్రి 7:30

ఎత్తు ఎంత వచ్చింది? చక్రాల కుర్చీలో వచ్చే పిల్లల కోసం ఒక వైపైనా వాలు పెట్టండి. 1:12 వాలు అంటే 10 సెం.మీ. ఎత్తుకి 120 సెం.మీ. పొడవు కావాలి. ఆ చోటు ఇప్పుడే గుర్తుపెట్టుకోండి, ఆఖర్లో దొరకదు. 230 వోల్టుల తీగ ఏదీ నేల కిందికి రాకూడదు, సప్లైలన్నీ బయట గాలి ఆడే పెట్టెలో ఉండాలి.

---

నేలతార · ఆదివారం, రాత్రి 10:30 (నాలుగు వారాల తర్వాత)

నిన్న తెరిచాం. 16 పెట్టెలూ పనిచేశాయి. ఎత్తు 10.5 సెం.మీ. వచ్చింది, వాలు 126 సెం.మీ. ఎక్కడానికి హద్దు 250కి దించాం, 15 కిలోల సంచికి 400 చాలలేదు.

ఐదేళ్ల పిల్ల ఒకతి అంచు దగ్గర ఆగి, బొటనవేలితో పలకని తాకింది. వెలగలేదు. వేలు ఇంకాస్త నొక్కింది. వెలగలేదు. అప్పుడు పాదం మొత్తం పెట్టి బరువు వేసింది, కాలి చుట్టూ నీలం పరుచుకుంది. కాలు వెనక్కి తీసేసి అది ఆరేదాకా వంగి చూసింది. మళ్లీ పెట్టింది. ఇలా ఎన్నిసార్లో. తర్వాత రెండు పాదాలు రెండు పలకల మీద పెట్టి, ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తూ, రెండు వెలుగులనీ తనే నడిపింది. వాళ్లమ్మ పిలిచినా రాలేదు.

చక్రాల కుర్చీలో వచ్చిన అబ్బాయి వెనక వెలుగు గీతలా సాగింది. నాలుగు చక్రాలు వేర్వేరు పలకల మీద ఉండటంతో అతనికి అందరికంటే ఎక్కువ వెలుగు వచ్చింది.

11వ పెట్టె సాయంత్రానికి నెమ్మదించింది, దిగాక ఆరడానికి మూడు సెకన్లు. విప్పి చూస్తే ఫోమ్ పట్టీ సందులోకి ఇసుక చేరి పక్క పెట్టెకి రాసుకుంటోంది. ఇంకో ఆరు రోజులు నడవాలి. రోజూ శుభ్రం చేయడానికి తేలిక పద్ధతి ఏదైనా ఉందా?

---

చెక్కపలక · సోమవారం, ఉదయం 6:10

రోజూ మూసేశాక ఫోమ్ పట్టీలన్నీ లాగేసి, సందుల్లో వాక్యూమ్ సన్న గొట్టంతో పీల్చండి. ఊదొద్దు, ఊదితే ఇసుక పెట్టెల కిందికి, సెన్సర్ల మీదికి పోతుంది. పెట్టెలకి అడుగున అంకెలు వేసి, అవే అంకెలు ప్లైవుడ్ మీద కూడా రాయండి, బయటికి తీస్తే మళ్లీ అదే చోట, అదే వైపు తిప్పి పెట్టాలి. నాలుగు మూలలూ తమ పాత ముక్కల మీదే కూర్చోవాలి. వాలు మొదట్లో ఒక గరుకు పట్టా వేస్తే చెప్పుల ఇసుక సగం అక్కడే రాలిపోతుంది.

---

నేలతార · సోమవారం, ఉదయం 6:25

అంకెలు ఇప్పుడే రాస్తున్నాం. పట్టా తేవడానికి ఒకరు వెళ్లారు.